ఇటాలియన్ నుంచి హీబ్రూకి, వయా దేవరరేవు

మా తోటికోడలు వరహాలు సంచి నేనే సర్దాను. మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా సంచి సర్దే పని నాది. మా ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజూ నేనే సర్దాను. అందులో పెట్టిన రెండో లుంగీ మడత విప్పకుండానే ఇంటికి వచ్చింది. అప్పట్నుంచీ సంచి జిప్పు చప్పుడు నాకు పడదు. అందుకని కావాలనే ఎక్కువ సర్దుతాను. ఎక్కువ సామాను పట్టుకెళ్ళిన మనిషి అదంతా మోసుకుని ఇంటికే రావాలి కదా అని నా ధైర్యం.

చీరలు పెట్టాను. దుప్పటి పెట్టాను. గోంగూర పచ్చడి సీసా మూతకి గుడ్డ కట్టి పెట్టాను. టార్చిలైటు, గొడుగు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫ్లాస్కు పెట్టాను. రోలు పెట్టడానికి చోటు చాల్లేదు.

"అక్కా, నేనెల్తంది విశాపట్నం. ఆళ్ళు మంచం కూడా ఇత్తామన్నారు," అంది వరహాలు.

"మంచం ఇత్తారే. దుప్పటి ఇత్తామని అన్నారా?"

"మరి గొడుగెందుకు? నేర్చుకోడానికి ఎల్తన్నాను గానీ తడవడానికి కాదు."

"ఉండనీ. తిరిగొచ్చేప్పుడు వాన పడొచ్చు."

"ఉగాదికి వచ్చేత్తాను. ఉగాదికి వానేటి," అని గొడుగు తీసి బయట పెట్టింది. ఆమె స్నానానికి వెళ్ళగానే మళ్ళీ లోపల పెట్టాను.

వరహాలు వెళ్తున్నది దుబాసీ పని నేర్చుకోవడానికి. ఇటాలియన్‌లో అన్న మాటని హీబ్రూలోకి తిప్పి చెప్పాలి. అదీ ఫ్యాషన్, వస్త్ర రంగాల్లో ప్రత్యేక నైపుణ్యంతో తిప్పాలి. ఖర్చు ప్రభుత్వానిది. అప్పటికి వరహాలుకి యాభై దాటాయి. హీబ్రూ అని ఒక భాష ఉందన్న సంగతి మా ఇద్దరికీ తెలిసి నెల కూడా కాలేదు.

మేం తోటికోడళ్ళం. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా పోయారు. ఒక మగ్గం, మేమిద్దరం మిగిలాం. కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఉండే మా దేవరరేవులో నేసేది, పువ్వులు నేతలోనే పడే జాందానీ బట్ట. దానికి మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ సగంలో పువ్వులు ఒకళ్ళు ఎత్తుతారు, కుడి సగంలో పువ్వులు ఇంకొకళ్ళు. అడ్డనూలు మోసే నాడె ఒకళ్ళు తోస్తే రెండోవాళ్ళు అందుకుంటారు. ఒకళ్ళు లేచిపోతే రెండోవాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఎడమ పక్క నాది, కుడి పక్క వరహాలుది. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు కూర్చోబెట్టిన చోట్లు అవి. మళ్ళీ మారలేదు.

ఈ గొడవంతా ఒక నవ్వుతో మొదలైంది.

ఆ మార్గశిరంలో మా ఊరి నేత సొసైటీ హాల్లో బట్టల ప్రదర్శన పెట్టారు. పెట్టింది చేనేత ఎగుమతుల సమున్నతి మండలి. దానికి ఎం.డి. సర్వోత్తమరావు గారు. దూరదేశాల నుంచి ఇద్దరు కొనుగోలుదార్లు వచ్చారు. ఒకావిడ ఇటలీ మనిషి, సిల్వియా గారు. బట్ట ఏ రూపంలో కుడితే బాగుంటుందో చెప్పడం ఆవిడ వృత్తి. ఇంకొకాయన యోనా గారు. టెల్ అవీవ్‌లో బట్టల కొట్టు ఉంది. మెడలో కొలత టేపు కండువాలా వేసుకుని తిరుగుతాడు. ఇద్దరూ చాలా కాలంగా కలిసి వ్యాపారం చేస్తున్నారట. ఆవిడ ఇటాలియన్‌లో అంటుంది, ఆయన హీబ్రూలో జవాబిస్తాడు. ఒకరి భాష రెండోవాళ్ళకి అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. మాతో మాత్రం వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడారు. మేం రానేరాని ఇంగ్లీషు మాట్లాడాం. ఏ ఇబ్బందీ లేకుండా పని జరిగిపోయింది.

మా బట్ట దగ్గర ఆగారు. సిల్వియా గారు అంచు పట్టుకుని నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళి, ఒకచోట వేలు పెట్టి ఏదో అన్నారు. యోనా గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ వేలికి కాస్త పైన తన వేలు పెట్టి ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వారు.

పక్కనే ఎం.డి. గారు నిలబడి ఉన్నారు. అతిథులు నవ్వారు కాబట్టి ఆయనా నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి అభివృద్ధి అధికారి త్రివిక్రమం గారు నవ్వారు. తర్వాత సొసైటీ ప్రెసిడెంటు, ఫొటోగ్రాఫరు, టీ ఇచ్చే మనిషి వరస తప్పకుండా నవ్వారు. నవ్వులన్నీ అయిపోయాక ఎం.డి. గారి ముఖం వాడింది.

"ఎందుకు నవ్వారయ్యా వాళ్ళు?" అన్నారు గొంతు తగ్గించి.

"నవ్వదగిన విషయమే అయి ఉంటుంది సార్," అన్నారు త్రివిక్రమం గారు.

"నావైపు చూసి నవ్వారా?"

"చూపుల దిశకి సంబంధించి మన దగ్గర రికార్డు లేదు సార్."

కొనుగోలుదార్లు మాకు పని చెప్పి వెళ్ళారు. నిలువెత్తు జాందానీ బట్ట ఒకటి, తెల్ల నూలు మీద తెల్ల పువ్వులు, నమూనా కోసం. ఉగాది వెళ్ళాక వచ్చి చూస్తామన్నారు. అది నచ్చితే ఊళ్ళో మగ్గాలన్నిటికీ ఏళ్ళ తరబడి పని. మా వీధి ఇళ్ళల్లో మగ్గాల కోసం తవ్విన గుంటల్లో సగం అప్పటికే ఖాళీ, వాటిలో కట్టెలు దాచుకుంటున్నారు. అందుకని ఆ బట్ట మా ఇద్దరిది మాత్రమే కాదు. రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్ళూ "ఏటమ్మా, ఎంతదాకా వచ్చింది?" అని అడిగేవాళ్ళు, కడుపుతో ఉన్న పిల్లని అడిగినట్టు.

మేం మొదటి జానెడు నేసేసరికి సొసైటీ గోడకి సర్క్యులరు అంటించారు. మా వీధిలో సర్క్యులర్లు పైకి చదివి వినిపించేది నేనే. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. కిరాణా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను కాబట్టి సగంలో తెగిపోయే వాక్యాలకి అలవాటు పడ్డాను. ఈ సర్క్యులరు మాత్రం ఎక్కడా తెగలేదు.

"మండలి సహాయము పొందిన వస్త్రముల సమక్షమున ఇరువురు విదేశీయులు తమలో తాము సంభాషించుకొని నవ్వుట జరిగినదని, సదరు నవ్వు నమోదు కాని పరిశీలన కిందకి వచ్చునని, ఇట్టి పరిశీలనలు మండలి ప్రతిష్ఠకు భంగకరము కావచ్చునని లేదా కాకపోవచ్చునని, ఏది అయినదీ తేల్చుటకై ఫ్యాషన్ మరియు వస్త్ర రంగములందు ప్రత్యేక పరిజ్ఞానము గల ఇటాలియన్-హీబ్రూ దుబాసీని తక్షణమే నియమించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

"అంటే ఏటి?" అంది వరహాలు.

"ఆళ్ళిద్దరూ ఏం మాటాడుకున్నారో తెలియాలంట."

"మరి ఇటాలియన్ లోంచి తెలుగులోకి చెప్పేవోళ్ళని పెట్టుకోవాలి గదా."

"ఆళ్ళు తెలుగులో మాటాడుకోలేదు గదే. ఇటాలియన్ లోంచి హీబ్రూలోకి మాటాడుకున్నారు. అందుకని అలా రాశారు," అన్నాను. అప్పుడు నాకది సబబుగానే తోచింది. ఏదైనా పైకి చదివితే సబబుగానే ఉంటుంది.

పేపర్లో ప్రకటన వేశారు. ఇంటర్వ్యూలు మా ఊళ్ళోనే సొసైటీ హాల్లో జరిగాయి. అభ్యర్థులకి చూపించడానికి బట్ట కావాలని మా ఇద్దర్నీ పిలిచారు. పాత చీర ఒకటి విప్పి ఒక కొస నేనూ ఒక కొస వరహాలూ పట్టుకుని, తెర పట్టినట్టు పొద్దుటి నుంచి నిలబడ్డాం.

మొదట పోలయ్య అనే ఆయన వచ్చాడు. ఓడలో వంటవాడిగా చేసి, ఇటలీ రేవుల్లో చాలాసార్లు దిగినవాడు.

"ఇటాలియన్‌లో మీకు ఏమేమి వచ్చు?" అన్నారు త్రివిక్రమం గారు.

"బూతులన్నీ వచ్చండి. ఉల్లిపాయ, ఉప్పు కూడా వచ్చండి."

"వీటిలో వస్త్ర రంగానికి సంబంధించినవి ఏవైనా ఉన్నాయా?"

పోలయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఒక బూతు లంగా గురించేనండి. ఆయ్."

"పాక్షిక ప్రావీణ్యం," అని త్రివిక్రమం గారు రాసుకున్నారు.

తర్వాత పాస్టరు ఇశ్రాయేలు గారు వచ్చారు. పేరు వినగానే ఎం.డి. గారు కుర్చీలో ముందుకి జరిగారు. "పేరులోనే దేశం ఉంది. ఇంక సర్టిఫికెట్లు చూడాలా?" అన్నారు. పాస్టరు గారు మొహమాటపడి, తన సొంతూరు పిఠాపురం దగ్గరనీ, హీబ్రూ మాత్రం వేదాంత కళాశాలలో చదువుకున్నాననీ చెప్పారు. బట్టల మాటలు ఆయనకి బాగానే వచ్చు. నీలం నూలు, ఎర్ర నూలు, సన్నని నార, మేకబొచ్చు తెర.

"జిప్పుని ఏమంటారు?"

"ఆ కాలంలో లేవండి."

"లేటెస్ట్ ట్రెండ్స్ గురించి మీ పరిజ్ఞానం?"

"గోనెపట్ట కట్టుకోవడం దాకా తెలుసండి."

ఆఖర్న మిషన్ ఆసుపత్రి నుంచి సిస్టర్ ఫిలోమినా గారు వచ్చారు. చిన్నతనంలో రోములో చాలాకాలం ఉండి నర్సు పని నేర్చుకున్నారట. ఇటాలియన్ గడగడా మాట్లాడేశారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఎం.డి. గారు ఫ్యాషన్ రంగంలో ఆవిడ అనుభవం అడిగారు. ఆవిడ తన తెల్లచీర వైపు చూసుకున్నారు.

"ఇదేనండి. నలభై ఏళ్ళుగా."

"నిల్," అని రాశారు త్రివిక్రమం గారు.

చేతులు లాగేస్తుంటే చీర కొస రెండో చేతిలోకి మార్చుకుని వరహాలు అంది, "బాబుగారూ, నాకు తెలీకడుగుతాను. సిస్టరు గారు ఇటాలియన్ లోంచి తెలుగులోకి చెప్తారు. పాస్టరు గారు తెలుగు లోంచి హీబ్రూలోకి చెప్తారు. మజ్జిలో తెలుగు వత్తాది గాబట్టి మనకీ తెలిసిపోద్ది. అయిపోయింది గదండీ."

త్రివిక్రమం గారు ఆమెవైపు జాలిగా చూశారు. "అమ్మా, అది రెండు పోస్టులు. మంజూరైంది ఒకటి. పైగా మధ్యలో వచ్చే తెలుగుకి ఈ పథకంలో స్థానం కల్పించలేదు."

ఎం.డి. గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పెద్ద ఆలోచన వచ్చే ముందు అలా నిలబడతారట.

"త్రివిక్రమం. భాషలు వచ్చినవాళ్ళకి బట్టలు తెలియవు. బట్టలు తెలిసినవాళ్ళకి భాషలు రావు. ఏది నేర్పడం తేలిక?"

"తమరు ఏది తేలిక అంటే అదే సార్."

"భాష. ఎందుకంటే బట్ట నేర్పడానికి మన దగ్గర బడ్జెట్ హెడ్ లేదు. శిక్షణకి ఉంది. ఇంకో సంగతి చూడు. ఇటాలియన్ ఎడమ నుంచి కుడికి రాస్తారు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు. మగ్గంలో నాడె ఎటు పోతుంది?"

"రెండు వైపులా పోతుంది సార్," అన్నారు త్రివిక్రమం గారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అదీ. నేతపనివాళ్ళే ఈ పోస్టుకి సహజ అభ్యర్థులు. ఇక మన తెలుగుని ప్రాచ్య ఇటాలియన్ అన్నారు. కాబట్టి ఇటాలియన్ శిక్షణ ముప్పావు వంతు పూర్తయినట్టే పరిగణించవచ్చు."

అందరి చూపులూ చీర కొసల మీదికి వచ్చాయి. నేను నా కొసతో వెనక్కి జరిగాను. వరహాలు జరగలేదు. ఆమె ఎప్పుడూ అంతే, ఎవరైనా చూస్తే తిరిగి చూస్తుంది.

"నీకు ఎన్ని భాషలు వచ్చమ్మా?"

"తెలుగండి. కోపమొత్తే ఇంకోటి కూడా వత్తాదండి. ఈవిడ్నడగండి."

ఎంపిక అయిపోయింది.

నేర్పడానికి పాస్టరు గారినీ సిస్టరు గారినీ పెట్టారు. ఇద్దరూ మాకు దగ్గరి ఊళ్ళవాళ్ళే. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నేర్పుతామన్నారు. అయితే పథకం పేరు నివాస శిక్షణా పథకం. అందులో నివాసం ఉండి తీరాలి. శిక్షణ లేకపోయినా సర్దుకోవచ్చు గానీ నివాసం లేకపోతే ఆడిటు ఒప్పుకోదు. అందువల్ల ముగ్గుర్నీ విశాఖపట్నంలో అద్దె మేడలో పెట్టారు. అలా సంచి సర్దాల్సి వచ్చింది.

బస్సు ఎక్కుతూ వరహాలు మళ్ళీ దిగింది. "అక్కా, నేనొచ్చేదాకా నా పక్క ముట్టుకోకు. నీ చెయ్యి వదులు. పువ్వు జారిపోద్ది."

"నీ చెయ్యి బిగువు. నీతో నేసిన వాళ్ళకి తెలుస్తాది."

"ఉగాదికి తేల్చుకుందాం," అని ఎక్కేసింది.

బస్సు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, గొడుగు మళ్ళీ తీసి గుమ్మం పక్కన పెట్టేసింది.

బట్ట సగంలో ఉంది. ఉగాది దూరం లేదు. మా వెనక వీధి సూరమ్మ చెయ్యి మంచిది, వరహాలు వచ్చేలోపు ఆమెను కూర్చోబెట్టుకుని నాలుగు వరసలు లాగుదామని సొసైటీలో అడిగాను. ఆ మర్నాడే త్రివిక్రమం గారు జీపులో వచ్చారు. వెంట ఒక రేకు బోర్డు తెచ్చారు. మగ్గం గుంటలో దిగి, వరహాలు కూర్చునే పీట మీద దాన్ని ఆయనే స్వయంగా బిగించారు. "ఈ స్థానము డిప్యుటేషన్‌పై ఉన్నది. ఇతరులు ఆసీనులు కారాదు."

"ఇది మా ఇంటి పీటండి," అన్నాను.

"పీట మీదే. స్థానం ఆమెది. ఆమె డిప్యుటేషన్ మీద వెళ్ళింది కాబట్టి ఆ స్థానం మీద ఆమెకి లీన్ ఉంటుంది. అంటే హక్కు. ఆమె తిరిగి వచ్చేదాకా దాన్ని భర్తీ చేయడం కుదరదు. ఇది ఆమె క్షేమం కోసమేనమ్మా. రేపు ఆమె వచ్చి, నా చోటేదీ అంటే ఏం జవాబు చెప్తారు?"

 ఆమె తిరిగి వస్తుందని రేకు మీద రాసి మరీ చెప్పిన మనిషి ఆయనొక్కడే. అందుకని ఆ బోర్డు మీద నాకు కోపం రాలేదు. రోజూ పొద్దున్నే తుడిచేదాన్ని.

పడుగు పోగుల మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి, నా పక్కన నేను కూర్చునేదాన్ని. వరహాలు ఫోను చేసేది.

"అక్కా, నూలుకి ఇటాలియన్ మాట నేర్చుకున్నాను. చీరకి లేదంట. సిస్టరు గారు మూడు రకాలుగా చెప్పి చూశారు, ఆఖర్న బల్ల మీది దుప్పటి అని తేలింది."

"అన్నం తింటన్నావా?"

"తింటన్నాను. పాస్టరు గారు హీబ్రూలో నన్ను తిట్టమంటే తిట్టట్లేదు. తిట్లు లేకపోతే భాష ఎలా వత్తాదక్కా?"

"ఎప్పుడొత్తావు?"

"పరీక్షయ్యాక. ఇక్కడందరూ నన్ను మేడమ్ అంటన్నారు. మొదట్లో ఎనక్కి తిరిగి చూసేదాన్ని, ఎవరొచ్చారా అని." నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తగా ఉంది. కాస్త భయం వేసింది. మనిషికి ఇంకో చోట ఇంకో పేరు దొరికితే నాకు భయం.

ఉగాది వచ్చింది. వరహాలు రాలేదు. శిక్షణ పూర్తయింది గానీ, పూర్తయిందని ధ్రువీకరించాలంటే ఇటాలియన్, హీబ్రూ, ఫ్యాషన్, వస్త్రాలు నాలుగూ తెలిసిన పరీక్షాధికారి కావాలి. అలాంటివాళ్ళు ఎవరూ దొరకలేదు. చివరికి ఆ నాలుగూ తెలిసిన మనిషి రాష్ట్రంలో వరహాలు ఒక్కతే అని తేలి, ఆమె పరీక్ష ఆమె చేతే దిద్దించారు. తనకి తను అరవై మార్కులు వేసుకుంది. ఎందుకు తగ్గించావంటే, "నా హీబ్రూ నాకు తెల్దా," అంది.

కొనుగోలుదార్లు వచ్చిన రోజు హాలు ముందు అరటిబోదెలు కట్టారు. వరహాలు వాళ్ళతోపాటే మండలి కారులో వచ్చి దిగింది. మెడలో ఆఫీసు గుర్తింపు బిళ్ళ, కాళ్ళకి చెప్పులు, భుజాన నేను సర్దిన సంచి. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది గానీ త్రివిక్రమం గారు అడ్డు వచ్చారు. దుబాసీ ప్రోటోకాల్‌లో ఉన్నంతసేపు ఇతరులతో సంభాషించకూడదట.

ఎం.డి. గారు ఉపన్యాసం మొదలెట్టకుండానే సిల్వియా గారు, "బట్ట ఏది?" అన్నట్టు చేతులు తిప్పి నావైపు చూశారు. నేను ముందు నడిచాను. ఆవిడ, యోనా గారు, వరహాలు, ఎం.డి. గారు, త్రివిక్రమం గారు, వాళ్ళ వెంట మా వీధి వీధంతా మా ఇంటికి వచ్చారు. నేను దుప్పటి తీశాను. సగం బట్ట. సగం పడుగు. ఒక ఖాళీ పీట, రేకు బోర్డు.

సిల్వియా గారు ఖాళీ పీట వైపు వంగి చూశారు. మెల్లగా ఒక మాట అన్నారు. చిన్న మాట.

ఎం.డి. గారు వరహాలు వైపు చెయ్యి చూపించారు. ఆమె ముఖం ఎర్రబడింది. యోనా గారి వైపు తిరిగి హీబ్రూలో చెప్పింది. ఆయనకి ఆ మాట ముందే అర్థమైంది పాపం, అయినా శ్రద్ధగా విన్నారు. విని, బోర్డు వైపు చూసి ఏదో అన్నారు.

"ఏమంటున్నారు?" అన్నారు ఎం.డి. గారు.

"చెప్పడానికి నాకు ఆర్డరు లేదండి," అంది వరహాలు. "ఆయన హీబ్రూలో అన్నారండి. నాది ఇటాలియన్ నుంచి హీబ్రూకేనండి."

ఎం.డి. గారు త్రివిక్రమం గారి వైపు చూశారు.

"ఆమె చెప్పింది నిజమే సార్. తిరుగు దిశ వేరే పోస్టు. తెలుగు అయితే వేరే పథకం. ప్రతిపాదనలు పంపవచ్చు."

"మరి ఆనాడు నవ్విన విషయం?"

వరహాలు బిళ్ళ తీసి చేత్తో పట్టుకుంది. "అది కార్లో వత్తా నేనే అడిగానండి. ఆర్డరు లేకండానే. మా బట్టలో ఒక వరసలో ఈ పక్క పువ్వు బిగిసి, ఆ పక్క పువ్వు వదులుగా ఉందండి. ఆ రోజు కూరలో ఉప్పు గురించి నేనూ అక్కా దెబ్బలాడుకున్నాం. ఆవిడ అక్కడ వేలెట్టి, 'ఇక్కడ వీళ్ళు పోట్లాడుకున్నారు,' అందంట. ఆయన పై వరసలో వేలెట్టి, 'ఇక్కడ కలిసిపోయారు,' అన్నాడంట. అందుకే నవ్వారండి."

ఎం.డి. గారు ఒకడుగు ముందుకి వేశారు.

"నా గురించి ఏమీ అనలేదా?"

"లేదండి."

"ఏమీనా?"

"తవరు అక్కడున్నట్టు ఆళ్ళకి గుర్తు లేదండి."

అది విన్నాక ఆయన ఎందుకు అంత నీరసపడ్డారో నాకు తెలియదు. అవమానం జరగలేదని తెలిస్తే మనిషి తేలికపడాలి. ఆయన కారు దగ్గరికి నడుస్తుంటే చెప్పులు ఈడ్చిన చప్పుడైంది.

ఆ సందడిలో వరహాలు నా పక్కకి వచ్చింది. "ఇందాక ఆవిడేమన్నాదో చెప్పనా అక్కా? 'రెండో మనిషేది?' అన్నాది. నన్ను పక్కనెట్టుకుని అడిగింది. నా నోటితో నేనే తిప్పి చెప్పాను."

"మరి ఆయనేమన్నాడు?"

"'ఆమె లేకపోతే ఇది అవదు' అన్నాడు."

సిల్వియా గారు వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ కూర్చున్నాక కబురు పెట్టండి, వస్తాం అని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. నాకు మొత్తం అర్థమైంది.

ఇక వరహాలు మగ్గం ముందు కూర్చోవడమే మిగిలిందని ఊరంతా అనుకున్నాం. ఆ సాయంత్రమే ఆమె తిరిగి పనిలోకి వస్తానని అర్జీ ఇచ్చింది. త్రివిక్రమం గారు చాలా మర్యాదగా తీసుకున్నారు.

"మిమ్మల్ని ఆపే ఉద్దేశం మండలికి లేదు మేడమ్. మీ స్థానంలో ఇంకొకరు రాగానే రిలీవ్ చేస్తాం. ఫ్యాషన్, వస్త్ర రంగాల్లో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఇటాలియన్-హీబ్రూ దుబాసీ కోసం రేపే ప్రకటన ఇస్తున్నాం."

"దొరక్కపోతేనో?" అన్నాను నేను.

"దొరక్కపోతే తయారు చేస్తాం. తయారు చేయడానికి మేడమ్ గారు ఉన్నారు కదా."

అప్పటికి ఆ పథకానికి ఒక ఆఫీసు, ఒక కారు, దానికి డ్రైవరు, డ్రైవరుకి సెలవు ఇచ్చే గుమాస్తా ఏర్పడ్డారు. నవ్వుకి కారణం తెలిసిపోయిందని అంతమందిని ఇంటికి పంపలేరు. పథకం బాగుందని ఢిల్లీకి తెలిసింది. దేశమంతటికీ ఒకే ఒక నిపుణురాలు అని వరహాలుని అక్కడికి మార్చారు. అక్కడ ఏటేటా కొత్తవాళ్ళు వచ్చి నేర్చుకునేవాళ్ళు. వాళ్ళకి భాషలు బాగానే వచ్చేవి, నేత రాదని ఫెయిల్ చేసేవాళ్ళు. నేత నేర్పడానికి మగ్గం పెట్టమని వరహాలు రాసింది. మగ్గానికి ఇద్దరు కావాలని, అది రెండు పోస్టులని జవాబు వచ్చింది.

ఢిల్లీకి వెళ్ళే రోజు సంచి విప్పనే లేదు కాబట్టి సర్దాల్సిన పని పడలేదు. గొడుగు ఒక్కటి చేతికిచ్చాను. ఈసారి పట్టుకెళ్ళింది.

"ఈ దసరాకి వచ్చేత్తానక్కా. నా పక్క ముట్టుకోకు."

"బోర్డు ఉంది గదే. ఎవరు ముట్టుకుంటారు?"

ఫోన్లు చేస్తూనే ఉండేది. దసరాకి, సంవత్సరాదికి, మళ్ళీ దసరాకి. నేను రోజూ బోర్డు తుడిచేదాన్ని. అక్షరాలు వెలిసిపోతే సొసైటీలో అడిగి తెల్ల రంగు తెచ్చి, ఒక్కొక్క అక్షరం మీద నేనే దిద్దాను. "ఇతరులు ఆసీనులు కారాదు" అన్నచోట గీత కాస్త వంకర పోయింది.

ఏళ్ళు గడిచాక త్రివిక్రమం గారు మళ్ళీ జీపులో వచ్చారు. ఆయన జుట్టు నెరిసింది. గుంటలో దిగడం కష్టమై, అంచున కూర్చుని వంగి, స్క్రూలు ఒక్కొక్కటీ తీశారు. తుప్పు పట్టి ఒకటి రాలేదు. దాన్ని అలాగే వదిలేసి రేకు లాగారు.

"లీన్ రద్దయిందమ్మా," అన్నారు నావైపు చూడకుండా. "ఇంక మీరు ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు."

సిల్వియా గారు, యోనా గారు మళ్ళీ రాలేదు. వరహాలు రెండువేల పదిహేడు జూలైలో, ఢిల్లీలో, కామెర్లతో పోయింది. దేవరరేవుకి తిరిగి రాలేదు.